తండ్రి పేరులో తేడా

శుక్రవారం సెలవు పూట రూములో బైబిలు తెరిస్తే మాలో తరచూ లేచే పేచీ ఒకటుంది. జెరుబ్బాబెలు తండ్రి ఎవరు? ఎజ్రా గ్రంథం, హగ్గయి గ్రంథం షయల్తీయేలు అంటాయి. మొదటి దినవృత్తాంతములు 3వ అధ్యాయంలో మాత్రం పెదాయా అని ఉంటుంది. పాస్‌పోర్టులో ఒక పేరు, ఇకామాలో ఇంకో పేరు ఉన్నట్టు! అలా ఉంటే ఎన్ని తిప్పలో మనకు చెప్పక్కర్లేదు.

షయల్తీయేలు, పెదాయా ఇద్దరూ యెకొన్యా కొడుకులేనని అదే అధ్యాయం చెబుతోంది. కొడుకు లేకుండా ఒకడు చనిపోతే సోదరుడు ఆ భార్యను చేసుకోవాలి, పుట్టిన మొదటి బిడ్డ పోయినవాడి పేరు నిలబెట్టాలి అని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయంలో నియమం ఉంది. కన్నది పెదాయా, వంశం షయల్తీయేలుది అని కొందరు పెద్దలు సర్దిచెబుతారు. కుదిరే మాటే గాని, జెరుబ్బాబెలు విషయంలో అలా జరిగిందని బైబిల్లో రాసి లేదు.

ఎజ్రా సంగతి ఇంకా గట్టిగా తేలుతుంది. ఎజ్రా 7వ అధ్యాయం అతన్ని శెరాయా కుమారుడంటుంది. ప్రధాన యాజకుడైన శెరాయాను, క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము కూలినప్పుడు, బబులోను రాజు రిబ్లాలో చంపించాడు. ఎజ్రా యెరూషలేముకు వచ్చింది క్రీ.పూ. 458లో అని ఎక్కువమంది లెక్క. మధ్యలో 120 ఏళ్ల పైమాటే. సొంత కొడుకు ఎలా అవుతాడు? పైగా దినవృత్తాంతాల్లోని వరసతో పోల్చి చూడండి, మెరాయోతు తర్వాత ఆరు పేర్లు ఎజ్రా వరసలో లేవు.

గల్ఫ్‌లో ఉన్న మనకు ఇది వింత కాదు. అరబ్బీలో 'బిన్', 'ఇబ్న్' ఎలాగో హెబ్రీలో 'బెన్' అలాగ. కొడుకనీ, మనవడనీ, ఆ వంశంవాడనీ అర్థం. సౌదీ రాజ్యాన్ని స్థాపించిన అబ్దుల్ అజీజ్‌ను లోకమంతా ఇబ్న్ సౌద్ అంది. ఆయన తండ్రి పేరు అబ్దుల్ రహ్మాన్!

అన్నీ ఇలా తేలవు. యెష్షయికి సమూయేలు గ్రంథంలో ఎనిమిదిమంది కొడుకులు, దినవృత్తాంతాల్లో ఏడుగురే. ఒకడు పిల్లల్లేకుండా పోయాడంటారు, అది ఊహ. బలవంతాన అతికించనక్కర్లేదని మా అభిప్రాయం.

ఈ పేర్ల మీద అంత పట్టింపు ఎందుకంటారా? చెర నుంచి తిరిగొచ్చినవాళ్ల వివరం ఎజ్రా 2వ అధ్యాయంలో ఉంది. వాళ్లలో మూడు యాజక కుటుంబాలు తమ వంశావళి వెతుక్కుంటే దొరకలేదు. ఆ మూడింటిలో ఒకదాని మూలపురుషుడు గిలాదీయుడైన బర్జిల్లయి కూతుళ్లలో ఒకామెను చేసుకుని, ఇల్లరికపు అల్లుడిలా మామగారింటి పేరే పెట్టుకున్నాడు. అంత దూరం నడిచి సొంతూరు చేరినా వాళ్లను యాజకత్వం నుంచి తప్పించారు. ఊరీము, తుమ్మీము ధరించే యాజకుడు వచ్చేదాకా అతి పరిశుద్ధమైనవాటిని తినకూడదని అధికారి ఆజ్ఞ వేశాడు.