గద్వాల పట్టు... తొమ్మిది వందలకే!

ఫోన్ తెరిస్తే చాలు... సగం ధరకే సమస్త వస్తువులూ రారమ్మని పిలుస్తుంటాయి. వాటిలో అసలు దుకాణమేదో, నాలుగు రోజుల క్రితం వేసి రేపు ఎత్తేసే గుడారమేదో పోల్చుకోవడం ఎలా?

శ్రావణమాసం దగ్గరపడుతోందంటే ఫేస్‌బుక్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ పట్టుచీరలు బారులు తీరతాయి. ఫొటో చూస్తే కళ్లు తిప్పుకోలేం. 'నేతకారుల నుంచి నేరుగా మీ ఇంటికే' అని ఊరింపు. 'ఇంకా పదిహేడు నిమిషాలే' అంటూ తరుముకొచ్చే గడియారం. ధర 899 రూపాయలు! ఆ డబ్బుకి చీరలోని పట్టునూలు కూడా రాదని తెలిసినవాళ్లే 'పోతే తొమ్మిది వందలేగా' అనుకుని మీట నొక్కేస్తారు. మోసగాళ్లకి కావలసిందీ అదే. తొమ్మిది వందల కోసం పోలీస్ స్టేషన్ మెట్లెక్కేదెవరు?

ఆ గడియారం సంగతి తేల్చుకోవడం తేలికే. సైటు మూసి మళ్లీ తెరవండి. చాలాచోట్ల పదిహేడు నిమిషాలు మళ్లీ మొదట్నుంచీ మొదలవుతాయి. చీర ఫొటోని గూగుల్ లెన్స్‌లో వెతికితే అది ఏ అసలు దుకాణం నుంచి ఎత్తుకొచ్చిందో కూడా ఒక్కోసారి బయటపడుతుంది.

తాళం చూసి మోసపోవద్దు
అడ్రస్ పక్కన చిన్న తాళం బొమ్మ ఉంటే భయం లేదని ఒకప్పుడు చెప్పేవారు. ఇప్పుడా సలహా చాలదు. మీకూ ఆ సైటుకీ మధ్య నడిచే సమాచారాన్ని దారిలో మూడోవాళ్లు చదవలేరని మాత్రమే తాళానికి అర్థం. అవతల కూర్చున్నది దొరో దొంగో అది చెప్పదు. అందుకు కావలసిన సర్టిఫికెట్ ఉచితంగా, నిమిషాల్లో దొరుకుతుంది. జనం దాన్ని నమ్మకానికి గుర్తుగా పొరబడుతున్నారనే 2023లో గూగుల్ తన క్రోమ్ బ్రౌజర్‌లో తాళం బొమ్మని తీసేసింది.

చూడాల్సింది పేరు. అదీ వెనక నుంచి చదవాలి. 'అమెజాన్ డాట్ ఇన్' అమెజాన్‌దే. మరి 'అమెజాన్ డాట్ పండగసేల్ డాట్ షాప్'? అది పండగసేల్ అన్న పేరు కొనుక్కున్నవాడిది! ముందు ఎంత గొప్ప పేరైనా తగిలించుకోవచ్చు. ఇంగ్లిషులో 'ఆర్', 'ఎన్' చిన్న అక్షరాల్ని పక్కపక్కన పెడితే 'ఎమ్'లా కనిపిస్తాయి, 'ఓ' బదులు సున్నా పెట్టినా హడావుడిలో కన్ను పట్టుకోదు. సైటు పేరు ఎప్పుడు నమోదైందో 'హూ ఈజ్' సేవలో ఉచితంగా తెలుసుకోవచ్చు. 'యాభై ఏళ్ల నమ్మకం' అని చెప్పుకునే కొట్టు పేరు పోయిన వారమే పుట్టిందని తేలితే ఇంకేం కావాలి!

మన దేశంలో 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం కంపెనీ అసలు పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు సైట్లో ఉండి తీరాలి. ఒక్క వాట్సాప్ నంబరు మాత్రమే కనిపిస్తే అక్కడితో ఆపేయడం మేలు. యూపీఐలో డబ్బు పంపేముందు తెరమీద కనిపించే పేరూ చదవండి. దుకాణం పేరు ఉండాల్సిన చోట ముక్కూమొహం తెలియని మనిషి పేరు కనిపిస్తే పిన్ కొట్టకండి. కార్డుతో కడితే సరుకు రాలేదని బ్యాంకుకి చెప్పి డబ్బు వెనక్కి అడిగే 'ఛార్జ్‌బ్యాక్' దారైనా ఉంటుంది. ఇంటికొచ్చాక డబ్బిచ్చే పద్ధతి కొంత నయమే కానీ, పార్సిల్ విప్పితే పాత గుడ్డ బయటపడ్డ సందర్భాలూ ఉన్నాయి.

అసలు కథ ఆ తర్వాత!
పోయింది తొమ్మిది వందలే అయితే సరిపెట్టుకోవచ్చు. కానీ ఈపాటికి మీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఏం కొన్నారన్న వివరం అవతలివాళ్ల చేతిలో ఉన్నాయి. రెండ్రోజులకి ఫోన్ మోగుతుంది. 'మేడమ్, మీ చీర స్టాక్ లేదు, డబ్బు తిరిగి పంపేస్తాం' అంటారు ఎంతో మర్యాదగా. ఓ యాప్ దించుకోమంటారు. దాంతో మీ ఫోన్ తెర వాళ్లకీ కనిపిస్తుంది. లేదంటే డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టమంటారు. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికీ బ్యాలెన్స్ చూసుకోవడానికే తప్ప, అందుకోవడానికి ఎప్పుడూ కాదు. అది తెలియక పిల్లల ఫీజుకని దాచుకున్న సొమ్ము కూడా ఊడ్చిపెట్టుకుపోయినవాళ్లున్నారు. చీర రాలేదని నెట్లో కస్టమర్ కేర్ నంబరు వెతికేవారికీ ఇదే వల. అక్కడ దొరికే నంబర్లలో కొన్ని ఈ ముఠాలు పెట్టినవే.

డబ్బు పోయిందని తెలియగానే చేయాల్సిన పని- 1930కి ఫోన్. తెల్లారాక చూద్దాం, ఆయనొచ్చాక చెబుదాం అనుకుంటే ఆలోపు సొమ్ము నాలుగు ఖాతాలు దాటిపోతుంది. ఎంత త్వరగా చెబితే, మధ్యలో ఏదో ఒక ఖాతాలో దాన్ని నిలిపేసే అవకాశం అంత ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ సైట్లోనూ ఫిర్యాదు చేయొచ్చు. లావాదేవీ నంబరు, ప్రకటన, సైటు అడ్రస్... అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఆ సైటు రేపు ఉండకపోవచ్చు.

అసలు దుకాణమే అయ్యుండి, నాసిరకం సరుకు పంపి మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పాలి. ఇక, 'పోయిన మీ డబ్బు తెప్పిస్తాం, ముందుగా రెండు వేలు ఫీజు కట్టండి' అంటూ ఎవరైనా ఫోన్ చేశారా... వాళ్లూ ఆ తానులో ముక్కలే. 1930కి ఫిర్యాదు చేయడానికి రూపాయి కూడా కట్టక్కర్లేదు.