లోగుట్టు గల వరుస

ముందు వచ్చినవానికి ముందు, వెనుక వచ్చినవానికి వెనుక అను న్యాయము మనకు క్రొత్త గాదు. చౌకధరల దుకాణము ముందును, రైలు టిక్కెట్ల కిటికీయొద్దను, తిరుమల కొండపై దర్శనమునకును మనము నిలుచు వరుస యీ న్యాయముమీదనే నడచుచున్నది. కంప్యూటరులోను ఇట్టి వరుసలు లెక్కకు మిక్కిలిగ గలవు. అచ్చువేయుటకు బంపిన కాగితములు, ఒకరి కొకరు పంపుకొను సందేశములు తమ వంతు వచ్చువఱకు వానిలో వేచియుండును. దీనికి క్యూ అని పేరు. సీ యను కంప్యూటరు భాషలో క్యూను నిర్మించు విధమును, దాని లోపలి యమరికను వాడుకొనువారికి గానరాకుండ నుంచుటవలని మేలును ఈ ప్రసంగమున మనవి చేసెదను. దాచుట యనగానే మోసమని శంకింపవలదు. ఈ దాపఱికము ఉభయులకును హితమైనది.

సీ భాషను అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, బెల్ పరిశోధనాలయములో, డెన్నిస్ రిచీ యను నాతడు 1972 ప్రాంతమున రూపొందించెను. యూనిక్స్ అను వ్యవస్థను వ్రాయుటకు అది పనిముట్టయ్యెను. బ్రయన్ కెర్నిగన్‌తో గలసి యాతడు ఆ భాషనుగూర్చి వ్రాసిన గ్రంథము 1978లో వెలువడెను. 1989లో అమెరికాలో దానికి ప్రమాణ మేర్పడెను. అర్ధశతాబ్దము గడచినను దాని వాడుక తగ్గలేదు. లినక్స్ అను వ్యవస్థయొక్క మూలభాగ మత్యధికముగ నీ భాషలోనే యున్నది. కొన్ని భాషలలో క్యూ సిద్ధముగ దొరకును. సీ భాష ప్రమాణములో నది లేదు. ఎవరికి వలసినది వారే కట్టుకొనవలయును. మెమరీలో స్థలము నడిగి తీసికొనుటయు, పని తీరిన పిదప దానిని తిరిగి యప్పగించుటయు వ్రాయువాని బాధ్యతయే.

మొదట నిర్మాణమును జూతము. మెమరీలో ఒకదాని ప్రక్క నొకటిగ ఎనిమిది అఱలు గలవనుకొందము. సీ భాషలో లెక్క సున్నతో మొదలగును గాన వాని సంఖ్యలు 0 మొదలు 7 వఱకు. వచ్చినదానిని వెనుక నుంచుచు, ముందున్నదానిని తీయుచు రావలయును. ఒకటి తీసినప్పు డెల్ల మిగిలినవానిని ఒక్కొక్క యడుగు ముందునకు జరుపుట యొక పద్ధతి. మనుష్యుల వరుస అట్లే జరుగును; కాని యచ్చట ప్రతివాడును తన కాళ్లతో తాను నడచును. కంప్యూటరులో జరుపువాడు ఒక్కడే. 1000 మంది గల వరుసనుండి యొకనిని బంపినచో, మిగిలిన 999 మందిని ఒక్కొక్కరినిగ జరుపవలసి వచ్చును.

కావున లోని వస్తువులను జరుపక గుర్తును మాత్రమే జరుపుదురు. మొదటిది ఏ అఱలో నున్నది, మొత్తము ఎన్ని యున్నవి అను రెండంకెలను గుర్తుంచుకొనిన చాలును. మొదటిది 6 సంఖ్య గల అఱలో నున్నదనియు, వరుసలో మూడు గలవనియు ననుకొందము. అవి 6, 7 అఱలలోను, పిమ్మట చుట్టు తిరిగి 0 అఱలోను ఉండును. క్రొత్తగ వచ్చుదాని చోటు తెలియవలెనన్న 6నకు 3 కూడి, వచ్చిన 9ని 8చే భాగింపవలయును. శేషము 1. ఆ సంఖ్య గల అఱయే దాని చోటు. గానుగ చుట్టు ఎద్దు తిరిగినట్లు వరుస యీ యఱల చుట్టు తిరుగుచుండును. చేర్చుటకైనను తీయుటకైనను, వరుస యెంత పొడవైనను, పట్టు శ్రమ యొక్కటియే.

ఇక ఈ యమరికను బయట బెట్టినచో నేమగునో ఆలోచింపుడు. క్యూను కట్టినవా డొకడు, వాడుకొనువారు పదిమంది. వారిలో నొకడు లోపలికి తొంగిచూచి, మొదటి వస్తువు 0 అఱలో నుండుట గమనించి, అడుగనక్కఱలేకయే యా యఱను చదువుకొనును. తొలుత నది సరిగనే యుండును. వరుసనుండి యొక వస్తువును తీసిన వెంటనే మొదటి స్థానము 1 అఱకు మారును. వాడు మాత్రము 0 అఱనే చదువుచుండును. యంత్రము కేకవేయదు, తప్పు లెక్క ఒప్పు లెక్కవలెనే ముందునకు సాగిపోవును. ఇంకొకడు మొత్తమును దెలుపు నంకెను తన చేతితో దిద్దును. అప్పుడు వరుసలోని వస్తువు పోయినదో, లేని వస్తువు వచ్చి చేరినదో కనుగొనుట కష్టము. తప్పు చేసినవా డొకడు, నింద మోయువాడు క్యూను కట్టినవాడు.

అంతకంటె పెద్ద చిక్కు మఱియొకటి గలదు. ఎనిమిది అఱలు చాలక పదునాఱు కావలసి వచ్చును. లేదా అఱలను వదలి, ఒక్కొక్క వస్తువునకు తరువాతి వస్తువు చిరునామాను దగిలించి గొలుసుగ గట్టుట మేలని తోచును. లోపలి యమరికమీద పదిమంది ఆధారపడి యున్నప్పుడు, దానిని మార్చిన పదిమంది పనియు చెడును. మార్చకున్నచో పాతలోపము శాశ్వతమగును.

దీనికి సీ భాషలో నొక చక్కని యుపాయము గలదు. వ్రాతను రెండు ఫైళ్లుగ విడదీయుదురు. మొదటిది హెడరు ఫైలు. ఇది అందఱును జూచునది. ఇందులో, క్యూ అను నొక స్ట్రక్చరు గలదు అను మాట మాత్రమే యుండును. దానిలో నేమేమి గలవో యుండదు. పిమ్మట దానితో చేయదగిన పనుల పట్టిక యుండును. రెండవ ఫైలు కట్టినవానిది. అఱలు, అంకెలు, లెక్కలు అన్నియు నందులోనే యుండును.

లోపల నేమున్నదో చెప్పకుండ కంపైలరు, అనగా మన వ్రాతను యంత్రసంకేతములుగ మార్చు ప్రోగ్రాము, ఎట్లు ఊరకుండును? ఇల్లెంత పెద్దదో తెలియకున్నను కవరుమీద చిరునామా వ్రాయవచ్చును గదా! మెమరీలోని యొక చోటి చిరునామాకు పాయింటరని పేరు. స్ట్రక్చరు ఎంత పెద్దదైనను దాని చిరునామా పట్టు స్థలము మారదు; 64 బిట్ల కంప్యూటర్లలో సాధారణముగ 8 బైట్లు. కావున వాడుకొనువాని చేతిలో చిరునామా యుండును, లోపలి వివర ముండదు. ఇట్టిదానినే అపారదర్శక పాయింటరందురు. లోపలి భాగమును ముట్టబోయినచో కంపైలరు అచ్చటనే యాపివేయును. పరిమాణము తెలియదు గాన వాడు స్వయముగ క్యూను చేసికొనజాలడు. కట్టినవానిని అడిగి పుచ్చుకొనవలసినదే.

శీతల గిడ్డంగిలో మిరప బస్తాలు దాచిన రైతు చేతికి ఒక చీటి వచ్చును. బస్తాలు ఏ యంతస్తులో నున్నవో వానికి అక్కఱలేదు. చీటిలోని సంఖ్య ఖాతాపుస్తకములోని పుటను జూపును; ఆ పుట బస్తాల చోటును జూపును. బస్తాలను పై యంతస్తునకు మార్చినచో పుటలో దిద్దుకొందురు, చీటి మారదు. క్యూలోను అంతియే. పాయింటరు స్ట్రక్చరును జూపును, స్ట్రక్చరు అఱలను జూపును. ఎనిమిది నిండినప్పుడు పదునాఱు అఱలు గల క్రొత్త స్థలమును సంపాదించి, మొదటి వస్తువునుండి వరుస తప్పకుండ 0 మొదలు 7 వఱకు నింపి, పాత స్థలము నప్పగించి, స్ట్రక్చరులో దిద్దుకొందురు. వాడుకొనువాని చేతిలోని పాయింటరు ఎప్పటివలెనే చెల్లును. ఉన్నదున్నట్లు పాత సంఖ్యలలోనే ఎత్తివేసినచో, చుట్టు తిరిగి 0 అఱలో నున్న వస్తువు 7 తరువాత దొరకక వరుస తెగిపోవును. ఈ జాగ్రత్త కట్టినవాడు ఒక్కడు పడిన చాలును.

హెడరులోని పట్టిక చిన్నదిగ నుండవలయును. క్యూను సృజించుట, చేర్చుట, తీయుట, ఎన్ని గలవో చెప్పుట, క్యూను ముగించుట అను నైదు పనులు చాలును. కాని ప్రతి పనికిని కాదనుటకు మాట యుండవలయును. మెమరీలో స్థలము దొరకనిచో సృజించు ఫంక్షను శూన్యపాయింటరు నిచ్చును. దానిని పరీక్షింపకయే వాడువాడు ప్రమాదము కొనితెచ్చుకొనును. ఖాళీ వరుసనుండి తీయబోయినచో, ఏమియు లేదు అని స్పష్టముగ జెప్పవలయును. ఏదో యొక అంకె నిచ్చి యూరకుండరాదు.

ముగించుట అన్నిటికంటె మెలకువతో జేయవలసిన పని. సృజించినది ప్రతిదియు ఒకమారు ముగియవలయును, ఒక్కమారే ముగియవలయును. ముగింపకున్నచో స్థలము వ్యర్థముగ బంధింపబడి యుండును. రెండుమార్లు ముగించినచో, ముగించిన పిదప వాడినచో, ప్రోగ్రామే చెడవచ్చును. వరుసలో ఇంకను వస్తువులుండగా క్యూను ముగించినచో ఆ వస్తువుల బాధ్యత యెవరిది? చాలమార్లు క్యూలో నుండునవి వస్తువులు గావు, వాని చిరునామాలు. కట్టినవాడు తీసివేయునని వాడువాడును, వాడువాడు తీసివేయునని కట్టినవాడును అనుకొనినచో ఎవరును తీయరు. కావున ఈ సంగతి హెడరులోనే, కౌలు కాగితములో షరతు వ్రాసినట్లు, వ్రాసియుంచవలయును. లోపలి యమరిక దాచదగినది. ఒడంబడిక దాచదగినది గాదు.

మాఱుటకు వీలున్న సంగతిని ఒక్కచోట దాచి యుంచవలెనను సూత్రమును డేవిడ్ పార్నస్ అను పండితుడు 1972లో ప్రకటించిన వ్యాసములో విశదముగ జెప్పెను. దానిని పాటింపనివారి కష్టమున కొక దృష్టాంతము గలదు. ఫైళ్లను చదువుటకు సీ భాషలోనే ఫైల్ అను స్ట్రక్చరు గలదు. సన్ మైక్రోసిస్టమ్స్ వారి సొలారిస్ వ్యవస్థలో, 32 బిట్ల ప్రోగ్రాములకు, ఈ స్ట్రక్చరు లోపలి భాగములు హెడరులో బయటనే యుండెను. తెఱచిన ఫైలు సంఖ్యకు అందులో ఒక్క బైటు కేటాయించిరి. ఒక బైటులో 0 మొదలు 255 వఱకు మాత్రమే పట్టును. ఎక్కువ ఫైళ్లు తెఱువవలసిన కాలము వచ్చినను ఆ బైటును పెంచుటకు వీలులేకపోయెను. పెంచినచో అప్పటికే తయారై వాడుకలోనున్న ప్రోగ్రాములు చెడిపోవును. 64 బిట్ల ప్రోగ్రాములకు క్రొత్తగ ఏర్పఱచునప్పుడు మాత్రము లోపలి భాగములను మఱుగుపఱచిరి. ఆ హద్దు తొలగిపోయెను.

ఇంటర్నెట్టులో సందేశములను రహస్యలిపిగ మార్చు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అను సాధనము 2016 ఆగస్టులో వెలువరించిన 1.1.0 కూర్పున, అంతవఱకు బయటనున్న పెక్కు స్ట్రక్చరులను దాచివేసెను. లోపల చేయిపెట్టుట కలవాటుపడిన ప్రోగ్రాములను తిరిగి దిద్దవలసి వచ్చెను. 2017లో వెలువడిన డెబియన్ 9 వ్యవస్థలో పాత కూర్పును క్రొత్త కూర్పును రెంటిని ప్రక్కప్రక్కన నుంచవలసి వచ్చెను. మొదటనే దాచియున్నచో ఈ శ్రమలో చాలభాగము లేకపోయెడిది.

ఈ పద్ధతికి ఖర్చు లేకపోలేదు. ప్రతి చిన్నపనికిని ఫంక్షనును బిలువవలయును. ప్రతి క్యూకును విడిగ స్థలము నడుగవలయును. మెమరీ మిక్కిలి కొంచెముగ నుండు చిన్న యంత్రములలో కట్టినవాడు ముందే కొన్ని క్యూలను తన ఫైలులో సిద్ధముగ నుంచి, అడిగినవారికి వానినుండి యిచ్చుట యుచితము. మఱియొక సంగతి. బుద్ధిపూర్వకముగ లోని బైట్లను చదువదలచినవానిని ఇది యాపజాలదు. ఇది చేనికి వేసిన కంచెయే గాని కోటగోడ గాదు. దారి తప్పినవానిని నిలుపును, దొంగను నిలుపదు.

లోగుట్టు పెరుమాళ్ల కెఱుక యని మనలో సామెత గలదు. ఇచట పెరుమాళ్లు క్యూను కట్టినవాడు. వాని కా గుట్టు నప్పగించినందున మనము పోగొట్టుకొనున దేమియు లేదు. బయటికి వాగ్దానము చేసినది కొలదిగను స్థిరముగను ఉండిన యెడల, లోపలిదానిని బాగుచేయు స్వాతంత్ర్య మెల్లప్పుడును మిగిలియుండును. చీటి పట్టుకొని వరుసలో నిలిచినవాని వంతు మాత్రము తప్పిపోదు.