తుపాకీ దించిన బుల్లి సైనికుడు

ఒకడు పొయ్యి ఊదుతున్నాడు. మరొకడు బూట్లు విప్పి కాళ్లు చాపుకున్నాడు. పక్కనే ఒకావిడ చొక్కాలు ఉతికి తాడుమీద ఆరేస్తోంది. ఇదంతా ఓ బల్లమీద జరుగుతోంది... అక్కడున్న ఒక్కో మనిషీ మన బొటనవేలిలో సగమే ఉంటాడు!

చరిత్రలో జరిగిన యుద్ధాలను బుల్లి సైనికులతో, పాచికలు వేసి మళ్లీ ఆడటమే వార్‌గేమింగ్. ‘టైమ్ మెషీన్’ రాసిన హెచ్.జి.వెల్స్ కూడా 1913లో ఈ ఆటకు నియమాల పుస్తకం రాశాడు. ఆడటంతో ఆగనివాళ్లు సైనికుల విడిదిని డయోరమాగా పేరుస్తారు. అంటే కదలని దృశ్యం. సంక్రాంతి బొమ్మల కొలువులో పల్లెటూరు పేర్చినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

చిక్కల్లా బొమ్మల దగ్గరే. దుకాణంలో దొరికే పెట్టెల్లో చాలావరకు పోట్లాడేవాళ్లే ఉంటారు. కొత్తవాళ్లు వాళ్లనే తెచ్చి గుడారాల మధ్య నిలబెట్టేస్తారు. వంట పొయ్యి పక్కన తుపాకీ గురిపెట్టినవాణ్ని చూస్తే నవ్వొస్తుంది. ఎవరిని కాలుస్తాడు, వంటవాణ్నా? కూర్చున్నవాడు, నీళ్లు మోసేవాడు, నిద్రపోయేవాడు... విడిదికి కావాల్సింది వీళ్లు.

ఏ ఏడాది విడిది?

బొమ్మలు కొనేముందు తేల్చుకోవాల్సింది ఏడాది. నెపోలియన్ సేనలతో స్పెయిన్‌లో పోరాడిన వెల్లింగ్టన్ సైన్యాన్నే తీసుకోండి. 1812 నాటి విడిదిలో మామూలు సైనికుడికి గుడారం పెడితే తప్పే. అప్పట్లో కంచరగాడిదలు మోసింది బరువైన ఇనుప వంటపాత్రల్ని. సైనికులు కొమ్మలతో పాకలు వేసుకునేవాళ్లు, లేదంటే దుప్పట్ల కిందే పడుకునేవాళ్లు. 1813లో పద్ధతి మారింది. ఇనుప పాత్రలు పోయి తేలికపాటి రేకు పాత్రలు వచ్చాయి, వాటిని సైనికులే మోశారు. ఖాళీ అయిన గాడిదల మీదికి గుడారాలు ఎక్కాయి, కంపెనీకి మూడు చొప్పున! 1815 జూన్ 17... వాటర్లూ ముందురాత్రి అయితే మళ్లీ గుడారాల్లేవు. జోరువానలో, బురదలోనే తెల్లారింది. ఎర్రకోట్లు తళతళలాడేలా రంగులేస్తే ఆ రాత్రి కనబడదు.

ఆడవాళ్లను మరిచిపోవడం ఇంకో పొరపాటు. దండయాత్రకు వెళ్లే బ్రిటిష్ సైన్యంలో సుమారు నూరుగురికి ఆరుగురు భార్యలకే అనుమతి. ఎవరు వెళ్లాలో, ఎవరు ఉండాలో ఓడ ఎక్కేముందు చీటీలు తీసి తేల్చేవాళ్లు. ‘ఉండాలి’ అని వచ్చినావిడ పిల్లలతో రేవులోనే నిలబడిపోవాల్సిందే. వెళ్లినవాళ్లు బట్టలుతికారు, వండారు, గాయాలకు కట్లు కట్టారు. ఇరవైమంది సైనికుల విడిదిలో కనీసం ఒకావిడ లేకపోతే లెక్క తప్పినట్టే.

ఇదే వెల్లింగ్టన్ అంతకుముందు, 1799లో ఆర్థర్ వెల్లెస్లీగా హైదరాబాద్ నిజాం సేనల్ని వెంటబెట్టుకుని శ్రీరంగపట్నం మీదికి నడిచాడు. ఆ విడిది పేర్చాలంటే సైనికులకన్నా ఎద్దుల బొమ్మలే ఎక్కువ కొనాలి! ధాన్యం మోసుకొచ్చిన బంజారాలనూ వదిలేయకూడదు.

గరిటె పట్టిన చెయ్యి

ఇక కొలత. ఎక్కువమంది వాడేది 28 మిల్లీమీటర్ల బొమ్మ. కానీ ఒక తయారీదారు పాదం నుంచి కంటి వరకు కొలుస్తాడు, మరొకరు నడినెత్తి వరకు. రెండు రకాలూ కలిపితే పక్కపక్కన అన్నా తమ్ముడూ నిలబడ్డట్టుంటుంది. కాస్త పొట్టివాణ్ని కూర్చోబెడితే ఎవరూ పట్టుకోలేరు. 1959లో ఎయిర్‌ఫిక్స్ మొదలుపెట్టిన చిన్న ప్లాస్టిక్ బొమ్మల తరహావి చవక. అయితే మెత్తగా వంగుతాయి, రంగు పెచ్చులూడుతుంది. సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాకే రంగు వేయాలి. కావాల్సిన భంగిమ దొరక్కపోతే? కత్తితో తుపాకీ కోసేసి, ఆ చేతికి గరిటె అతికిస్తారు.

బొమ్మను పెట్టడం, తీయడం చిన్న విషయమేం కాదు. బ్రిటిష్ సైనికాధికారి విలియం సైబోర్న్ వాటర్లూ యుద్ధాన్ని బొమ్మల్లో చూపించాలనుకున్నాడు. ఎనిమిది నెలలు ఆ పొలాల్లోనే ఉండి కొలతలు తీశాడు. యుద్ధంలో పాల్గొన్న అధికారులకు ఉత్తరాలు రాసి ఎవరెక్కడున్నారో కనుక్కున్నాడు. మధ్యలో ప్రభుత్వం డబ్బివ్వడం మానేసినా పట్టు వదల్లేదు. 1838లో లండన్‌లో ప్రదర్శించాడు... 70 వేలకు పైగా బుల్లి సైనికులు! సాయంత్రం ఏడు గంటల వేళ దృశ్యమది. సహాయానికొచ్చిన ప్రష్యన్ సైన్యం అందులో మరీ ఎక్కువగా కనిపిస్తోందని వెల్లింగ్టన్‌కు నచ్చలేదు. గెలుపులో వాటా ఎవరిదన్న తగువది. చివరికి సైబోర్న్ వేల ప్రష్యన్ బొమ్మల్ని పీకేశాడు. ఆ నమూనా లండన్ నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది, పీకేసిన ఆ బొమ్మలు లేకుండానే.