ఏడాది పంట ఒక్క పుస్తకం

కీసర: విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లే బస్సు కంచికచర్ల దాటిన తర్వాత కీసర వద్ద మున్నేటి వంతెన ఎక్కుతుంది. ఈ ప్రాంతం వారికి మున్నేరంటే ఇసుక, వేసవిలో చెలమలు, వానాకాలంలో వరద. 2023 జూలైలో ఐతవరం వద్ద నీరు రోడ్డు మీదికి వచ్చి బస్సులు, లారీలు బారులు తీరి నిలిచిపోయిన సంగతి ఎవరూ మరచిపోలేదు. అయితే ఇదే ఏటి ఒడ్డున, కీసరకు ఎగువన పుట్టిన ఒక పెద్దమనిషి తెలుగు దేశానికి నాయకులను తయారు చేసే పని ఒకటి మొదలుపెట్టారు. ఆ పనికి మొదటి ఏడాది దక్కిన ఫలం ఒకే ఒక్క పుస్తకం.

ఆయన పేరు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు. ఊరు పెనుగంచిప్రోలు. తిరుపతమ్మ తల్లి తిరునాళ్లకు ఏటా వేలాదిగా వెళ్లే భక్తులకు ఆ ఊరి అమ్మవారు తెలుసు. లక్ష్మణరావు పంతులు అక్కడే 1877లో జన్మించారన్న సంగతి తెలిసినవారు తక్కువ.

తమ్ముడి పక్కన కూర్చుని...

చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్న లక్ష్మణరావుకు చదువు నాగపూరులో సాగింది. అక్క భండారు అచ్చమాంబ కాపురం అక్కడ. పెళ్లినాటికి అచ్చమాంబకు బడి చదువు లేదు. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని అక్షరాలు పట్టుకున్నారు. తెలుగే కాక హిందీ, మరాఠీ కూడా నేర్చారు. పేరుగాంచిన స్త్రీల జీవిత కథలను ఏర్చి కూర్చి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాశారు. ఆడవాళ్లకు చదువెందుకన్నవారికి అదే ఆమె ఇచ్చిన సమాధానం. 1905లో, ముప్పయి ఏళ్లు దాటీ దాటకముందే ఆమె కన్నుమూశారు.

గొప్పవారి జీవితం చదివితే సామాన్యుడికి ధైర్యం వస్తుందన్న సంగతి ఆ ఇంట్లో రుజువైంది. తమ్ముడు ఆ పనినే పెద్ద ఎత్తున తలకెత్తుకున్నారు.

మునగాల దివాను

లక్ష్మణరావు మునగాల రాజా నాయని వెంకట రంగారావు వద్ద దివానుగా చేరారు. నేటి తరానికి తెలియని విషయం ఒకటుంది. చుట్టూ నైజాం రాజ్యం ఉన్నా మునగాల పరగణా అప్పుడు కృష్ణా జిల్లాలోనే, మన నందిగామ తాలూకాలోనే ఉండేది. 1959లో దానిని నల్గొండ జిల్లాలో కలిపారు. కీసర మీదుగా హైదరాబాదు వెళ్లే రోడ్డు మీదే, కోదాడ దాటితే మునగాల వస్తుంది.

ఆ రోజుల్లో హైదరాబాదులో రాజభాష ఉర్దూ. తెలుగువాడు నలుగురిలో తెలుగు మాట్లాడటానికి సంకోచించే కాలం. 1901 సెప్టెంబరు 1న మునగాల రాజా, రావిచెట్టు రంగారావు, లక్ష్మణరావు మొదలైనవారు పూనుకుని హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం నెలకొల్పారు. గ్రంథాలయమైతే వచ్చింది. మరి అందులో పెట్టడానికి పుస్తకాలేవి? పురాణాలు, ప్రబంధాలు, శతకాలు ఉన్నాయి. చరిత్ర, విజ్ఞాన శాస్త్రం, లోకంలోని మహాపురుషుల జీవితాలు కావాలంటే ఇంగ్లీషు రావాలి. ఇంగ్లీషు వచ్చినవారు ఊరికి ఒక్కరు కూడా లేరు.

ఈ కొరత తీర్చడానికే 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. లక్ష్మణరావుకు తోడుగా గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు, అయ్యదేవర కాళేశ్వరరావు నిలబడ్డారు. కాళేశ్వరరావు స్వయానా నందిగామలో పుట్టినవారు. కూరగాయల బుట్టలతో విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్టుకు వెళ్లే మన రైతులు రోజూ తలచుకునే పేరు ఆయనదే. 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరు కూడా ఆయనే.

లింకన్ ఎందుకు?

మండలి తన మొదటి పుస్తకంగా ఎవరి కథను ఎంచుకున్నదో గమనించాలి. రాజుల కథ కాదు, దేవుళ్ల కథ కాదు. అమెరికా దేశాధ్యక్షుడు అబ్రహాం లింకన్ జీవితం. రాసినవారు గాడిచర్ల. 1907లో అది వెలువడింది.

లింకన్ 1809లో కెంటకీలో దుంగలతో కట్టిన గుడిసెలో పుట్టాడు. తండ్రి వ్యవసాయదారుడు, వడ్రంగం పని కూడా చేసేవాడు. బడికి వెళ్లిన రోజులన్నీ కలిపితే ఏడాది కాదు. గొడ్డలి పట్టి కట్టెలు కొట్టాడు, పడవ నడిపాడు, దుకాణంలో పనిచేశాడు. దొరికిన పుస్తకమల్లా అరువు తెచ్చుకుని చదివాడు. అరువు తెచ్చిన వాషింగ్టన్ చరిత్ర వానకు తడిసిపోతే, దాని యజమాని పొలంలో కూలి చేసి బాకీ తీర్చాడని చెబుతారు. అటువంటివాడు 1861లో దేశాధ్యక్షుడై, 1863లో బానిసల విమోచన ప్రకటన చేశాడు. 1865లో హంతకుడి గుండుకు బలయ్యాడు.

ఈ కథ చదివిన తెలుగు కుర్రవాడికి ఏమనిపిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. గుడిసెలో పుట్టినా, కూలి చేసినా నలుగురికీ దారి చూపేవాడు కావచ్చు. అందుకు పుస్తకం పట్టుకోవాలి. పరాయి పాలనలో ఉన్న జనానికి బానిసత్వం పోయిన దేశం కథ చెప్పడంలోనే మరో అర్థం కూడా ఉంది. బెంగాలు విభజన తర్వాత వందేమాతరం నినాదం తెలుగు జిల్లాలకు పాకిన రోజులవి.

మొదటి ఏడాది లెక్క

ఏడాది కష్టానికి ఒక్క పుస్తకమా అని ఇప్పటివారు పెదవి విరవవచ్చు. అప్పటి ఇబ్బందులు చూస్తే సంగతి తెలుస్తుంది. 1901 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చదవను రాయను వచ్చినవారు నూటికి ఐదారుగురు మాత్రమే. స్త్రీలలో నూటికి ఒక్కరు కూడా లేరు. కాగితానికి, అచ్చుకు డబ్బు ముందుగా పెట్టాలి. పుస్తకం ఎప్పటికి అమ్ముడవుతుందో తెలియదు.

అంతకుముందు గ్రంథం అచ్చు కావాలంటే జమీందారు దయతలచాలి. మండలికి కూడా మునగాల రాజా అండ ఉన్నది. కాని మండలి ఆ అండతోనే సరిపెట్టుకోలేదు. పాఠకుడినే చందాదారుగా చేర్చుకున్నది. రాజు ఇచ్చే వెయ్యి కన్నా వెయ్యిమంది ఇచ్చే రూపాయి గట్టిదన్నది ఇందులోని కిటుకు. చందా కట్టినవాడు పుస్తకం కోసం ఎదురుచూస్తాడు, వస్తే చదువుతాడు, పక్కవాడికి చెబుతాడు.

మొదటి పుస్తకం తర్వాత మండలి ఆగలేదు. లక్ష్మణరావు స్వయంగా హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము రాశారు. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’, కట్టమంచి రామలింగారెడ్డి ‘అర్థశాస్త్రము’, ఆచంట లక్ష్మీపతి ‘జీవశాస్త్రము’ వచ్చాయి. పదార్థ విజ్ఞానం, రసాయన శాస్త్రం కూడా తెలుగులోకి దిగాయి. కథలంటే ఇష్టపడేవారికి చారిత్రక నవలలు అందాయి. మండలి కొద్ది సంవత్సరాలకే మద్రాసుకు మారింది.

రాసినవాడు జైలుకు

ఈ పని సుఖంగా సాగలేదు. వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు గాడిచర్లను రాజమండ్రి ట్రైనింగు కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. విజయవాడలో ‘స్వరాజ్య’ పత్రిక నడుపుతూ రాసిన రాతకు 1908లో రాజద్రోహ నేరం మోపి జైలుకు పంపారు. లింకన్ కథ రాసిన చేతికి మరుసటి ఏడాదే సంకెళ్లు పడ్డాయి. నాయకత్వం గురించి రాయడం వేరు, దాని ఖరీదు చెల్లించడం వేరు. ఆయన రెండూ చేశారు. తర్వాత రోజుల్లో గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు జీవితం ధారపోశారు.

లక్ష్మణరావు సంగతి చూస్తే గుండె బరువెక్కుతుంది. లోకంలోని విజ్ఞానమంతా అకారాది క్రమంలో తెలుగులో పెట్టాలని ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ ఆరంభించారు. మూడు సంపుటాలు తెచ్చేసరికి ఆరోగ్యం దెబ్బతిన్నది. 1923 జూలైలో మద్రాసులో మరణించారు. వయస్సు 46 ఏళ్లు. ఆ తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ పనిని మళ్లీ చేతికెత్తుకున్నారు. పని మధ్యలో ఆగినా అందుకునేవాడు ఉన్నాడు. మొదలుపెట్టినవారు తమ పేరు కోసం కాక పని కోసం పాటుపడితేనే ఇది సాధ్యం.

మన ఊరి బీరువా

1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించారు. ఆ గ్రంథాలయాలకు తెలుగులో పెట్టదగ్గ పుస్తకాలు ఉన్నాయంటే అందులో మండలి చలవ చాలా ఉన్నది.

ఆ బాధ్యత ఇప్పుడు ఎవరిది? ఇంటి పన్ను కట్టే ప్రతి రైతూ, ప్రతి కూలీ దానితోపాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాడు. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద అది రూపాయికి 8 పైసలు. అంటే లక్ష్మణరావు కాలంలో ఇష్టపడినవాడు కట్టిన చందాను ఇప్పుడు అందరమూ కడుతున్నాం. చందా కట్టినవాడికి పుస్తకం అడిగే హక్కు ఉంటుంది. ఊళ్లో గ్రంథాలయం తలుపు ఎన్ని గంటలకు తీస్తున్నారు, బీరువాలో కొత్త పుస్తకం ఎప్పుడు వచ్చింది అని పంచాయతీలో అడగడం తప్పు కాదు.

సెల్‌ఫోనులో నాయకత్వం గురించిన ఉపన్యాసాలు రోజుకు వంద వచ్చి పడుతున్న కాలమిది. వాటిలో ఎన్ని రేపటికి గుర్తుంటాయి? మున్నేటి ఒడ్డువాడు ఏడాది శ్రమకు ఒక్క పుస్తకం చూసుకున్నాడు. ఆ పుస్తకం వచ్చి నూరేళ్లు దాటినా దాని గురించి మాట్లాడుకుంటున్నాం. ఈసారి తిరునాళ్లకు పెనుగంచిప్రోలు వెళ్లినవారు అమ్మవారి దర్శనం చేసుకుని తిరిగివచ్చేటప్పుడు, వెంట ఉన్న పిల్లలకు ఆ ఊళ్లో పుట్టిన అక్కాతమ్ముళ్ల సంగతి కూడా చెబితే బాగుంటుంది.