ఆన్‌లైన్ పేకాట: అంకెలు చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి?

జ్వరం వస్తే థర్మామీటరు పెట్టి చూసుకుంటాం. బి.పి. చూపించుకుని చీటీ మీద రాయించుకుంటాం. అంకె కంటికి కనబడితే మనసుకు ధైర్యం. కాని ఆ అంకెను ఎలా చదవాలో తెలియకపోతే ఆ ధైర్యమే కొంప ముంచుతుంది. 2024లో నా దగ్గరకు వచ్చిన ఒక కుర్రవాడి సంగతి చెబితే మీకు ఇది బాగా బోధపడుతుంది.

అతనిది బెంగుళూరులో ఉద్యోగం. సెలవు మీద ఇంటికి వస్తే తండ్రి ఆసుపత్రికి వెంటబెట్టుకు వచ్చాడు. "రెండు నెలల నుంచి వీడికి నిద్ర లేదు, తిండి సయించదు, ఎప్పుడూ తలనొప్పే డాక్టరుగారూ!" అన్నాడు. పరీక్షలు చేయిస్తే ఏ లోపమూ కనబడలేదు. తండ్రిని కాసేపు బయట కూర్చోమన్నాక అసలు విషయం తేలింది. రోజూ రాత్రి రెండు, మూడు గంటల దాకా కంప్యూటరులో డబ్బు పెట్టి పోకర్ ఆడుతున్నాడు. "ఇది జూదం కాదండీ, లెక్క. నా అంకెలు చూడండి" అంటూ ఫోను నా ముందు పెట్టాడు.

ఏమిటా అంకెలు?

ముక్కలు పంచిన దగ్గర నుంచి పందెం ఎవరో ఒకరికి దక్కేవరకు ఒక 'పంపకం' అనుకుందాం. ప్రతి పంపకాన్నీ కంప్యూటరు గుర్తు పెట్టుకుని ఆటగాడి అలవాట్లను శాతాల్లో చూపిస్తుంది. వీటిలో మొదటిది వి.పి.ఐ.పి. తప్పనిసరిగా కట్టవలసిన పందెం సంగతి అలా ఉంచి, ఆటగాడు తన ఇష్టంతో నూటికి ఎన్నిసార్లు డబ్బు పెట్టాడో ఇది చెబుతుంది. 20 అంటే ఆచితూచి ఆడేవాడు. 50 అంటే ఏ ముక్కలు వచ్చినా దూకేవాడు. రెండవది పి.ఎఫ్.ఆర్. తన రెండు ముక్కలు చూసుకోగానే, బల్ల మీద ముక్కలు తెరవకముందే, నూటికి ఎన్నిసార్లు పందెం పెంచాడో దీనివల్ల తెలుస్తుంది. మూడవది గెలుపు లెక్క. ముక్కలు పంచకముందే ఒక ఆటగాడు కట్టే తప్పనిసరి పందెాల్లో పెద్దదాన్ని కొలతగా తీసుకుని, వంద పంపకాలకు అలాంటివి ఎన్ని మిగిలాయో చెప్పేది ఇది.

మన కుర్రవాడు 10,000 పంపకాలు ఆడాడు. గెలుపు లెక్క వందకు 6. "అంటే నేను గెలిచే ఆటగాణ్ణే కదండీ?" అని అడిగాడు.

నాడి చూసినట్లే

నాడిని అయిదు సెకన్లే లెక్కపెట్టి పన్నెండుతో హెచ్చవేశామనుకోండి. ఆరు దెబ్బలు వస్తే 72. ఏడు వస్తే 84! ఒక్క దెబ్బ తేడాకు ఆరోగ్యవంతుడికి గాభరా పుడుతుంది. అందుకే నిమిషం నిండా చూడమంటాం.

పేకాట అంకెలూ ఇంతే. 20 పంపకాల్లో ఒకడు 5 సార్లు డబ్బు పెడితే తెర మీద 25 శాతం అని పడుతుంది. కాని అతని అసలు అలవాటు 10 శాతం కావచ్చు, 45 శాతమూ కావచ్చు. 500 పంపకాలు చూస్తే మాత్రం 21కీ 29కీ మధ్య అని చెప్పవచ్చు. అలవాటును చెప్పే అంకె ఇలా కొన్ని వందల పంపకాలతో కుదుటపడుతుంది.

గెలుపు లెక్క అంత త్వరగా కుదుటపడదు. పోకర్‌లో ఎగుడుదిగుళ్ళు ఎక్కువ. చేతిలో రెండు ఆసులున్నవాడు రెండు రాజులున్నవాడితో తలపడి ఉన్నదంతా ఒడ్డినా, నూటికి సుమారు 18 సార్లు రాజులే గెలుస్తాయి. ఈ ఒడిదుడుకులన్నీ కలుపుకుని లెక్క వేస్తే, 10,000 పంపకాల తరువాత వచ్చిన అంకెకు అటూ ఇటూ 18 దాకా తేడా ఉండవచ్చు. అంటే మన కుర్రవాడి 6 నిజానికి 24 కావచ్చు, నష్టం వైపు 12 కూడా కావచ్చు. లక్ష పంపకాలు ఆడినా ఇంకా సుమారు 6 తేడా మిగులుతుంది. ఒక బల్ల దగ్గర గంటకు 75 పంపకాల చొప్పున లక్ష పూర్తి కావడానికి 1,300 గంటలు దాటుతాయి. అంతసేపూ ఆట నడిపేవాడు ప్రతి పందెం నుంచీ తన వాటా తీసుకుంటూనే ఉంటాడు. కనుక ఆడినవాళ్ళందరి లాభనష్టాలు కలిపి చూస్తే మిగిలేది నష్టమే సుమా!

తెర మీద పడని లెక్క

నేను అతనితో ఒకటే అన్నాను: "బాబూ, రేపు నీ బ్యాంకు లెక్క తీసుకురా." మర్నాడు తెచ్చాడు. కూర్చుని కూడికలు వేశాం. పద్దెనిమిది నెలల్లో కట్టినదానికి, తిరిగి వచ్చినదానికి మూడు లక్షల పైచిలుకు తేడా తేలింది. ఫోనులో లాభం, బ్యాంకులో నష్టం ఎలా? బాగా పోయిన నెలల రికార్డు తుడిచేసి 'కొత్తగా' మొదలుపెట్టాడు. మరో రెండు చోట్ల ఆడినది అసలు కలపనే లేదు. అంకెలు అబద్ధమాడలేదు. అతనే వాటిని ఏరుకున్నాడు.

ఇందులో అతని తెలివితక్కువతనమేమీ లేదు. ఎప్పుడు వస్తుందో తెలియని గెలుపు మెదడును గట్టిగా పట్టేస్తుంది. అందుకే జూదవ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగాల పట్టికలో చేర్చింది. 2022 జనవరి నుంచి అమలులో ఉన్న ఆ పట్టిక మూడు లక్షణాలు చెబుతుంది. ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నిటి కన్నా ఆటే ముఖ్యం కావడం, నష్టం కళ్ళకు కనబడుతున్నా మానలేకపోవడం.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా ఆడుతుంటే ఈ అంకెలు చూడండి. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారు? పోయిన డబ్బు రాబట్టాలని మళ్ళీ ఎన్నిసార్లు కట్టారు? ఎంత అప్పు చేశారు? ఇంట్లో ఎన్ని అబద్ధాలు చెప్పారు? వీటికి లక్ష పంపకాలు అక్కరలేదు, ఒక్క నెల చాలు.

ఇంట్లోవాళ్ళు చేయవలసింది

తిట్టి, ఒట్టు వేయించి ఊరుకుంటే లాభం లేదు. అప్పు తీర్చమని డబ్బు అతని చేతికే ఇవ్వకండి. అతని అంగీకారంతోనే కొంతకాలం జీతం, బ్యాంకు వ్యవహారాలు ఇంట్లో మరొకరు చూడాలి. మానసిక వైద్యుని సలహాతో మాటల ద్వారా చేసే చికిత్స బాగా పనిచేస్తుంది. దిగులు, తాగుడు తోడై ఉంటే వాటికీ వైద్యం చేయించాలి. "నేను బ్రతికి ఏం లాభం" అన్న మాట వస్తే తేలికగా తీసుకోవద్దు, ఒంటరిగా వదలవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా, తెలుగులోనే, ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అయినా చాటుమాటు దారులుంటాయి. చట్టం తలుపు మూయగలదు కాని, లోపలి తహతహకు మందు వేయలేదు.

ఆ కుర్రవాడు ఒకసారి మళ్ళీ జారాడు. అయితే ఈసారి దాచకుండా తానే వచ్చి చెప్పాడు. ఇప్పుడు ఆట లేదు. అప్పు నెలనెలా తీరుస్తున్నాడు. చిన్న పుస్తకంలో రోజూ నిద్రపోయిన గంటలు రాసుకుంటున్నాడు. కిందటిసారి చూపించినప్పుడు ఏడు అని ఉంది. ఆ అంకెను మాత్రం నేను నమ్మాను.