వార్తల్లో పదం: పితృత్వ సెలవు

బిడ్డ పుట్టినప్పుడు తండ్రికి జీతంతో ఇచ్చే సెలవు ఇది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగులకు 2005 నుంచి 15 రోజులు ఉంది. ఇద్దరు పిల్లల వరకే వర్తిస్తుంది. కేంద్ర ఉద్యోగులకూ 15 రోజులే. కాన్పుకు 15 రోజుల ముందు నుంచి ఆ తర్వాత ఆరు నెలల్లోపు వాడుకోవాలి.

ప్రైవేటు రంగంలో? 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో గానీ, దాన్ని కలుపుకున్న 2020 సామాజిక భద్రతా స్మృతిలో గానీ తండ్రి సెలవు ఊసే లేదు. అందుకే ఏలూరు కలెక్టరేట్‌లోని రెగ్యులర్ ఉద్యోగికున్న హక్కు తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ ముఠా కూలీకీ, కొల్లేరు చేపల చెరువు కాపలాదారుకీ లేదు. పని మానితే ఆ రోజు కూలి పోయినట్టే. తొలి కాన్పు పుట్టింట్లో జరిగే ఆనవాయితీ తండ్రిని మరింత దూరం చేస్తుంది. అంగన్‌వాడీలో అన్నప్రాశన నాడు తండ్రినీ కూర్చోబెట్టి టీకాలు, పోషణ గురించి చెప్పడానికి మాత్రం కొత్త చట్టమేమీ అక్కర్లేదు.