ఎమ్.ఏ. సైకాలజీ పాసైతే మానసిక చికిత్స చేయవచ్చా?

"మా అమ్మాయి సైకాలజీలో ఎమ్.ఏ. పాసయింది. ఇక బోర్డు పెట్టుకుని రోగులను చూడవచ్చా డాక్టరుగారూ?" అని అడిగే తల్లిదండ్రులు ఖమ్మంలోనూ, భద్రాచలంలోనూ ఎక్కువయ్యారు. చూడకూడదు. ఎందుకో తెలుసుకోవడం ఆ అమ్మాయికే కాదు, రేపు ఆమె దగ్గరికి వచ్చేవారికీ అవసరం.

ఎవరి పని ఏమిటి?

సైకియాట్రిస్టు అంటే ఎమ్.బి.బి.ఎస్. తరువాత మానసిక వైద్యంలో పై చదువు చదివిన డాక్టరు. మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. తెలివితేటలను, జ్ఞాపకశక్తిని, ఆలోచనల తీరును పరీక్షిస్తారు. మాటలతో, అభ్యాసాలతో చికిత్స చేస్తారు. చాలా జబ్బుల్లో ఇద్దరూ కావాలి.

చట్టం ఏమంటుంది?

భారత పునరావాస మండలి (ఆర్.సి.ఐ.) గుర్తించిన క్లినికల్ సైకాలజీ అర్హత ఉండాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మండలి రిజిస్టరులో పేరు కూడా ఉండాలి. ఎమ్.ఏ. తరువాత ఆసుపత్రిలో పెద్దల పర్యవేక్షణలో రెండేళ్ళు చేసే ఎమ్.ఫిల్. ఇన్నాళ్ళూ ముఖ్యమైన దారి. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ ఇందుకు పేరుపొందింది. అయితే ఎమ్.ఫిల్. ప్రవేశాలకు 2025-26 విద్యాసంవత్సరమే చివరిదని యు.జి.సి. ప్రకటించింది. మండలి కొత్తగా ఎమ్.ఏ. క్లినికల్ సైకాలజీ, సై.డి. కోర్సులు తెచ్చింది. పేరు అదే అయినా ప్రతి కాలేజీ ఎమ్.ఏ.కూ గుర్తింపు ఉండదు. ఫీజు కట్టకముందే మండలి జాబితా చూడండి.

ఆసుపత్రి శిక్షణ ఎందుకు?

మన ఏజెన్సీ సంగతే తీసుకోండి. నిన్నటిదాకా బాగున్న మనిషి జ్వరంతో పొంతనలేని మాటలు మాట్లాడితే అది మనసు జబ్బు కాదు, గాలీ ధూళీ కాదు. మలేరియా మెదడుకెక్కి ఉండవచ్చు. గంటలు కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. మూర్ఛ, థైరాయిడ్ లోపం కూడా మనసు జబ్బులా కనిపించవచ్చు. వార్డులో రోగులను చూసినవారికి ఆ అనుమానం వస్తుంది. పుస్తకం మాత్రమే చదివినవారు కౌన్సెలింగు మొదలుపెడతారు.

మరొకటి. ఇంట్లో కోయ భాష మాట్లాడే పిల్లవాడు ఆశ్రమ పాఠశాలలో చేరతాడు. తెలుగులో అడిగిన ప్రశ్నలకు నోరు విప్పడు. ఆ పరీక్ష చూసి "మందబుద్ధి" అని రాస్తే వాడి చదువు అక్కడితో ఆగిపోవచ్చు. శిక్షణ పొందినవారు ముందు వాడి భాష, వినికిడి, చూపు విచారిస్తారు. మాటలు అక్కరలేని పరీక్షలు పెడతారు. ఆ తరువాతే ఒక మాట చెబుతారు.

మీరు చేయవలసింది

చికిత్సకు వెళ్ళినప్పుడు "మీ ఆర్.సి.ఐ. నంబరు ఎంతండీ?" అని అడగండి. అడగడం అమర్యాద కాదు. అర్హత ఉన్నవారు నొచ్చుకోరు. కొద్దివారాల కోర్సు సర్టిఫికెట్టు గోడకు తగిలించి చికిత్స చేస్తామనేవారిని నమ్మకండి. సైకియాట్రిస్టు ఇచ్చిన మందులు ఎవరో చెప్పారని మానేయకండి.

దూరాన గూడెంలో ఉన్నవారు 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్‌కు ఫోన్ చేయవచ్చు. నంబరు 14416. రాత్రయినా పగలయినా ఉచితం. చచ్చిపోతానని ఎవరైనా అంటే మాత్రం బెదిరింపని కొట్టిపారేయకండి. ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఇక ఆ ఎమ్.ఏ. అమ్మాయికి నా సలహా: గుర్తింపు ఉన్నచోట శిక్షణ పూర్తి చేయమ్మా. వీలైతే నాలుగు కోయ మాటలు కూడా నేర్చుకో. ఈ ప్రాంతానికి నీ అవసరం చాలా ఉంది.